కుక్కని వెంటేసుకుని మన్యం దారుల్లో: తరచుగా అడిగే ప్రశ్నలు

మా మల్లి వీధికుక్క. విశాఖలో మా అపార్టుమెంటు సెల్లారులో పుట్టింది, ఇప్పుడు ఆరేళ్లు, 18 కిలోలు. నాలుగేళ్లుగా చలికాలం వచ్చిందంటే దాన్ని కారెక్కించుకుని పాడేరు, చింతపల్లి, మారేడుమిల్లి వైపు పోతున్నాం. ఫొటోలు చూసిన వాళ్లు అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెడుతున్నా. ఒక మాట ముందే చెప్పేస్తా, కింద చాలా చోట్ల మళ్లీ వస్తుంది, విసుక్కోకండి: తాడు వదలొద్దు.

అసలు కుక్కని అడవిలోకి తీసుకెళ్లొచ్చా?

అన్ని అడవులూ ఒకటి కావు. అభయారణ్యాలు, జాతీయ పార్కులు, టైగర్ రిజర్వుల్లోకి పెంపుడు కుక్కని తీసుకెళ్లకూడదు. అంటే పాపికొండలు నేషనల్ పార్కు, నాగార్జునసాగర్ శ్రీశైలం టైగర్ రిజర్వు, తెలంగాణలో అమ్రాబాద్, కవ్వాల్, మా ఊరి పక్కనే ఉన్న కంబాలకొండ, ఇవన్నీ వదిలేయండి. "గేటు దగ్గర ఎవరూ చూడలేదు, లోపలికి వెళ్లిపోయాం" అని గొప్పగా చెప్పేవాళ్లు నాకూ తెలుసు. చూడకపోతే తప్పు కాకుండా పోదు.

రూలు వెనక కారణం కూడా ఉంది. మన కుక్కల్లో తిరిగే డిస్టెంపర్ వైరస్ పులులకీ సింహాలకీ అంటుకుంటుంది. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో దాదాపు వెయ్యి సింహాలు ఆ జబ్బుతో పోయాయి. 2018లో గుజరాత్ గిర్ అడవిలో కొన్ని వారాల్లోనే ఇరవైకి పైగా సింహాలు చచ్చిపోయినప్పుడు, వాటిలో కొన్నింటిలో ఇదే వైరస్ కనిపించింది. మీ కుక్కకి టీకాలు వేయించి ఉన్నా సరే, గేటు దగ్గర నిలబడ్డ మనిషికి ఆ సంగతి తెలిసే దారి లేదు కదా.

మరి టెంటు ఎక్కడ వేసుకోవాలి?

మన దగ్గర ఎక్కడ బడితే అక్కడ టెంటు వేసుకునే హక్కు లేదు. విదేశాల వీడియోలు చూసి చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. రిజర్వ్ ఫారెస్టులో అనుమతి లేకుండా రాత్రి ఉండటం, నిప్పు రాజేయటం నేరం. మేం చేసేది చాలా మామూలు పని: రైతు పొలంలోనో, కాఫీ తోట పక్కన ఉన్న ఖాళీ మడిలోనో అడిగి వేసుకుంటాం. సాయంత్రం నాలుగింటికల్లా ఊరు చేరుకుని, కారు దూరంగా ఆపి, కుక్కని కారులోనే ఉంచి, మనం దిగి వెళ్లి అడగాలి. "అన్నా, ఈ రాత్రికి ఇక్కడ ఉంటాం, మాతో కుక్క ఉంది, కట్టేసే ఉంచుతాం." కుక్క సంగతి దాచిపెట్టి తర్వాత దింపితే ముఖాలు మారిపోతాయి. డబ్బులు అడగకపోయినా ఇవ్వండి.

టెంట్లు అద్దెకిచ్చే చోట్లు లంబసింగి, అరకు, వంజంగి చుట్టుపక్కల బోలెడున్నాయి. ఫోన్లో "పెట్స్ ఓకే సార్" అంటారు. ఒకసారి అలా నమ్మి రాత్రి ఎనిమిదింటికి వెళ్తే గేటు దగ్గరే ఆపేశారు, మేనేజరు మారాడట. మేం ముగ్గురం ఆ రాత్రి కారు సీట్లలో పడుకున్నాం, మల్లి మాత్రం హాయిగా నిద్రపోయింది. అప్పటినుంచి కుక్క ఫొటో పంపించి, "సరే" అన్న మాట మెసేజీలో రాయించుకున్నాకే బయల్దేరుతున్నాం.

శ్రీశైలం వెళ్తున్నాం. దారి అడవిలోంచే కదా, కారులో కుక్క ఉంటే ఇబ్బందా?

హైవే మీద ప్రయాణం చేయడానికి ఇబ్బంది లేదు, దిగొద్దు అంతే. హైదరాబాద్ నుంచి వెళ్తే మన్ననూరు చెక్‌పోస్టు దాటాక దోమలపెంట దాకా టైగర్ రిజర్వే. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు వరకు గేటు మూసేస్తారు, దోర్నాల వైపూ అదే పద్ధతి. గేటుకి ముందే కుక్కని తిప్పేసి, నీళ్లు తాగించి ఎక్కించండి. కోతుల గుంపు ఉన్నచోట అద్దాలు దించకండి, మల్లి ఒకసారి వాటిని చూసి లోపల చేసిన హంగామాకి సీటు కవరు రెండు ముక్కలైంది.

ఏ నెలల్లో వెళ్లాలి?

నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య దాకా. మార్చి నుంచి ఆకులు ఎండి అడవి అగ్గిపెట్టెలా ఉంటుంది, కొండల మీద పోడు కోసం తగలబెట్టే రోజులు, ఎండ కూడా కుక్క తట్టుకునేది కాదు. పైగా ఏప్రిల్ ప్రాంతంలో పాడేరు, అరకు వైపు ఇటుకల పండగ వస్తుంది, మగవాళ్లు వేటకి వెళ్తారు, అప్పుడు మీ కుక్క పొదల్లో తిరగడం ఎవరికీ మంచిది కాదు. వానాకాలం పచ్చగా బాగుంటుంది, ఒప్పుకుంటా. కానీ వాగులు ఎప్పుడు పొంగుతాయో, ఘాట్‌లో కొండచరియ ఎప్పుడు జారుతుందో తెలీదు, తడిసిన కుక్కతో మూడు రోజులు ఒకే టెంటులో ఉండటం ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి.

ఘాట్ రోడ్డులో మా కుక్క వాంతులు చేసుకుంటుంది. ఏం చేయాలి?

బయల్దేరడానికి నాలుగు గంటల ముందు నుంచి తిండి పెట్టకండి, నీళ్లు కొంచెం కొంచెంగా ఇవ్వండి. మలుపుల్లో మెల్లగా పోండి, కిటికీ రెండు వేళ్లంత దించండి. చాలా కుక్కలకి సమస్య కడుపుది కాదు, భయానిది. కారెక్కితే డాక్టరు దగ్గరికే అనుకుంటాయి. మేం నెలరోజులు వారానికి రెండుసార్లు సింహాచలం ఘాట్ ఎక్కించి, పైన కాసేపు తిప్పి దింపాం. ఐదోసారికి వాంతులు ఆగిపోయాయి. అప్పటికీ తగ్గకపోతే డాక్టరు గారిని అడిగితే మాత్ర రాస్తారు, మనం వేసుకునే మాత్రలు మాత్రం సగం విరిచి వేయొద్దు.

కారులో ఎక్కడ కూర్చోబెట్టాలి?

వెనక సీట్లో, ఛాతీకి వేసే బెల్టుకి కట్టి. మెడపట్టీకి కడితే బ్రేకు కొట్టినప్పుడు మెడ విరుగుతుంది. ఒళ్లో కూర్చోబెట్టుకుని నడపడం, కిటికీలోంచి తల బయటపెట్టించి వీడియో తీయడం, ఈ రెండూ వద్దు. ఇంకో అలవాటు చేసుకోండి: తలుపు తీసే ముందే తాడు చేతిలో ఉండాలి. తప్పిపోయిన కుక్కల్లో చాలావరకు టీ కొట్టు దగ్గర కారు తలుపులోంచి దూకినవే.

టీ తాగేంతసేపు కారులో వదిలేయొచ్చా? అద్దాలు కొంచెం దించే ఉంచుతాం.

వద్దు. బయట 30 డిగ్రీలుంటే పది నిమిషాల్లో కారు లోపల 40 అవుతుంది, అరగంటకి 48 దాకా పోతుంది. అద్దం కొద్దిగా దించినా పెద్ద తేడా ఉండదు. ఒకరు కుక్కతో నీడలో నిలబడండి, ఒకరు టీ పట్టుకురండి.

వడదెబ్బ గుర్తులు చెబుతా: ఆగకుండా రొప్పడం, జిగట చొంగ, చిగుళ్లు ఎర్రగా మారడం, నడక తూలడం. కుక్క మామూలు వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్, 104 దాటితే ప్రయాణం ఆపేయండి. ఒళ్లంతా నీళ్లు పోసి గాలి తగలనివ్వాలి. తడి తువ్వాలు కప్పి అలాగే వదిలేస్తే వేడి లోపలే ఉండిపోతుంది. ముందు చల్లబరచండి, తర్వాత డాక్టరు కోసం పరుగెత్తండి.

మా వాడు పిలిస్తే వచ్చేస్తాడు. అడవిలో కూడా తాడు అవసరమా?

ఈ ప్రశ్నే అందరూ అడుగుతారు, నాకు కోపం తెప్పించేదీ ఇదే. మీ వాడు పార్కులో పిలిస్తే వస్తాడు. ముక్కుకి అడవిపంది వాసన తగిలిన తర్వాత పిలిచి చూశారా?

మన పల్లెల్లో పంటని పందులు పాడుచేయకుండా చేల చుట్టూ కొందరు కరెంటు తీగలు లాగుతారు. చట్టానికి విరుద్ధమే, అయినా ప్రతి ఏడూ మనుషులు, పశువులు, ఒక్కోసారి ఏనుగులు కూడా ఆ తీగలకి చచ్చిపోతున్నాయి. చీకట్లో మోకాలెత్తున ఉన్న తీగ మీకే కనపడదు, కుక్కకేం కనపడుతుంది? మోటారుసైకిలు బ్రేకు తీగతో చేసిన ఉచ్చులుంటాయి. అన్నిటికన్నా భయంకరం నాటుబాంబులు. పంది కొరకాలని కొవ్వో పిండో పూసి పొదల పక్కన పెడతారు. మాంసం వాసన వచ్చే ఉండ కనపడితే కుక్క కొరకకుండా ఉంటుందా? కొరికితే దవడే ఉండదు. ఇంతకంటే వివరంగా రాయలేను.

ఇక కోళ్ల సంగతి. రెండో ఏడాది చింతపల్లి దాటాక ఒక ఊళ్లో తాడు నా చేతిలోంచి జారింది, ఎన్ని సెకన్లో కూడా తెలీదు, మల్లి నోట్లో నాటుకోడి ఉంది. కోడి ఆ ఊళ్లో ఒక పెద్దావిడది. నేను డబ్బులు తీస్తూ ఏదేదో చెబుతుంటే ఆవిడ మెల్లగా అంది: "కోడి పోతే పోయింది బాబూ, మేకపిల్లనే పట్టుంటే మా వాళ్లు కుక్కని బతకనిచ్చేవారు కాదు." ఎనిమిది వందలు ఇచ్చాను. కోడిని కూడా ఆవిడకే ఇచ్చేశాం, సాయంత్రం కూర వండి మాకు కూడా పంపించింది, తినడానికి మనసొప్పలేదు కానీ తిన్నాం.

మూడు మీటర్ల తాడు చాలు. రీలులా సాగే తాడు కొండల్లో పనికిరాదు, చెట్లకి చుట్టుకుంటుంది, చెయ్యి కోసుకుపోతుంది.

చిరుత వస్తే? ఎలుగుబంటి?

చిరుతకి కుక్క అంటే ఇష్టమైన తిండి. మహారాష్ట్రలో ఊళ్ల పక్కనే చెరకుతోటల్లో ఉండే చిరుతలు ఏం తింటున్నాయో చూస్తే ఎక్కువ వాటా కుక్కలదే అని తేలింది. కాబట్టి రాత్రిపూట టెంటు బయట కుక్కని కట్టేస్తే అది కాపలా కాదు, ఎర. టెంటు లోపలో కారులోనో పడుకోబెట్టండి.

ఎలుగుబంటి కథ వేరు. అది మనల్ని తినడానికి రాదు, హఠాత్తుగా ఎదురుపడితే భయంతో మీద పడుతుంది. శ్రీకాకుళం ఉద్దానంలో జీడితోటల్లో, పనసపండ్ల కాలంలో దాడులు ఎన్ని జరుగుతాయో అక్కడివాళ్లని అడగండి. తాడు లేని కుక్క ముందుకెళ్లి ఎలుగుని చూసి మొరుగుతుంది, అది తరుముతుంది, కుక్క ఎటు పరిగెడుతుంది? నేరుగా మీ దగ్గరికే. వెనకాలే ఎలుగు. పొద్దు వాలాక, తెల్లవారక ముందు పొదల దారుల్లో నడవకండి, నడవాల్సొస్తే మాట్లాడుకుంటూ నడవండి.

పాము కరిస్తే?

నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, మూడూ ఈ కొండల్లో ఉన్నాయి. కోయడం, పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం ఏదీ చేయొద్దు. కుక్కని నడిపించకుండా ఎత్తుకుని కారులో వేసుకుని బయల్దేరండి. మనుషులకి ఇచ్చే విరుగుడు ఇంజెక్షనే కుక్కలకీ వాడతారు, కానీ అది ప్రతి పశువైద్యశాలలో ఉండదు. అందుకని దారిలోనే ఫోన్లు చేసి ఎక్కడ ఉందో కనుక్కోండి. ఇది అప్పటికప్పుడు జరిగే పని కాదు, బయల్దేరక ముందే నర్సీపట్నంలోనో రాజమండ్రిలోనో కుక్కల్ని చూసే డాక్టరు నంబరు రాసి పెట్టుకోవాలి. 1962కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు వస్తుంది, కాకపోతే సిగ్నలు ఉండాలి, ఏజెన్సీలో సగం చోట్ల ఉండదు.

ఊరికుక్కలు మీదపడితే ఏం చేస్తారు?

మా ప్రయాణాల్లో నిజంగా ఎదురైన కష్టం పులులూ పాములూ కాదు, ఇదే. ప్రతి ఊరికీ ఏడెనిమిది కుక్కల గుంపు ఉంటుంది, వాటి లెక్కలో మీ కుక్క దొంగ. ఊరి మధ్యలోంచి నడిపించకండి. సంత రోజైతే అసలే వద్దు. గుంపు వస్తే పరిగెత్తొద్దు, మీ కుక్కని మీ వెనక్కి తెచ్చుకుని నిలబడి, వంగి రాయి తీస్తున్నట్టు చేయండి, చాలావరకు అక్కడే ఆగిపోతాయి, ఆ సైగ తెలియని ఊరికుక్క లేదు. చిన్న కుక్కయితే ఎత్తుకోవాలనిపిస్తుంది, అప్పుడు అవి మీ మీదికే ఎగురుతాయి, కారు దగ్గరుంటే లోపల వేసేయండి. మేం ఇప్పుడు ఒక గొడుగు పట్టుకెళ్తున్నాం. ఎదురుగా టప్పున తెరిస్తే గుంపంతా వెనక్కి గెంతుతుంది. మల్లి కూడా గెంతుతుందనుకోండి.

కరిస్తే?

గాయాన్ని సబ్బుతో, పారే నీళ్లతో 15 నిమిషాలు కడగండి. మీ కుక్కకి రేబిస్ టీకా ఉన్నా మళ్లీ డోసు కావాలి, ఎన్ని అనేది డాక్టరు చెబుతారు. మధ్యలో దూరి విడదీసిన మీకు చిన్న గీరుడు పడినా ఆసుపత్రికి వెళ్లి సూదులు వేయించుకోండి, పసుపు రాసుకుని ఊరుకోకండి. ఈ జబ్బు బయటపడితే మందు లేదు.

తిండి, నీళ్లు ఎంత పట్టుకెళ్లాలి?

కిలో బరువుకి రోజుకి 50, 60 మిల్లీలీటర్ల నీళ్లు మామూలుగా కావాలి, నడిస్తే రెట్టింపు. మల్లి కోసం రోజుకి మూడు లీటర్లు వేరే డబ్బాలో పెడతాం. గెడ్డల్లో నీళ్లు తాగనివ్వం, పశువుల మూత్రంతో వచ్చే లెప్టో జబ్బు భయం.

తిండి ఇంట్లో తినేదే పెట్టండి, కొత్తవి ప్రయోగించడానికి ఇది చోటు కాదు. ఉడికించిన గుడ్లు, పెరుగన్నం, రాగి జావ మాకు బాగా కుదిరాయి. మారేడుమిల్లి, అరకు దారుల్లో బొంగులో చికెన్ వాసనకి మీ కుక్క మిమ్మల్ని చూసే చూపుకి కరిగిపోకండి: అందులో ఉల్లిపాయ ఉంటుంది, ఉల్లి కుక్క రక్తాన్ని దెబ్బతీస్తుంది, ఉడికిన ఎముక విరిగి పేగులో గుచ్చుకుంటుంది. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కూడా వద్దు. చెత్త సంచి రాత్రి కారులో పెట్టండి.

గోమార్లు పట్టకుండా ఏం చేయాలి?

(కొన్ని చోట్ల పిడుదులంటారు.) బయల్దేరే ముందు డాక్టరు రాసిన మాత్రో మెడ మీద వేసే మందో వాడాలి. రోజూ రాత్రి టార్చి వేసి చెవుల లోపల, వేళ్ల సందుల్లో, చంకల్లో, మెడపట్టీ కింద వెతకండి. దొరికితే చర్మానికి ఆనించి పట్టుకారుతో పట్టి నిదానంగా లాగండి. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్ల అంటించడం మానేయండి.

ఇంటికొచ్చాక పని అయిపోయిందనుకోవద్దు. ఒక ఏడు తిరిగొచ్చిన పదోరోజుకి మల్లి తిండి మానేసింది, చిగుళ్లు తెల్లగా పాలిపోయాయి. అలసట అనుకుని నేను రెండు రోజులు వృథా చేశాను. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు పడిపోయాయని తేలింది, గోమారి జ్వరం. 28 రోజులు మందు వేయాల్సి వచ్చింది. తిరిగొచ్చాక మూడు వారాల్లోపు కుక్క మందకొడిగా ఉంటే, ముక్కులోంచి రక్తం వస్తే, డాక్టరుకి "అడవికి వెళ్లొచ్చాం" అని మొదటి మాటగా చెప్పండి.

రాత్రి చలికి ఏం చేస్తారు?

డిసెంబరు, జనవరిలో లంబసింగిలో తెల్లవారుజామున వేడి సున్నాకి దగ్గరగా పడిపోతుంది. వీధికుక్కల బొచ్చు పల్చన. నేల చలే అసలు శత్రువు, గోనెసంచులు రెండు మడతపెట్టి పైన పాత దుప్పటి వేయండి. టెంటులో గోళ్లకి అడుగు చిరుగుతుంది, అందుకు కూడా గోనెసంచే మందు.

మందుల సంచిలో ఏముండాలి?

పట్టుకారు, టార్చి, బెటాడిన్, దూది, అంటుకునే కట్టు గుడ్డ, డాక్టరు రాసిన మందులు, టీకాల పుస్తకం, నోటికి కట్టడానికి మెత్తటి గుడ్డపేలిక. నొప్పితో ఉన్న కుక్క ఎంత ప్రేమ ఉన్నా కరుస్తుంది, కానీ వాంతి చేసుకుంటున్నా, రొప్పుతున్నా నోరు కట్టకండి. ఐబుప్రోఫెన్, పారాసెటమాల్ మీ అంతట మీరు వేయొద్దు. పట్టుకారు ఎక్కువగా పనికొచ్చేది పల్లేరుకాయలకి, తుమ్మముళ్లకి. కుంటుతుంటే పాదం తిప్పి చూడండి. సూదుల్లాంటి గడ్డిగింజలు చెవిలో దూరితే తల ఒకవైపే విదిలిస్తుంది, దాన్ని మాత్రం మీరు లాగకండి.

తప్పిపోతే?

వెంటపడొద్దు, అరవొద్దు. ఎక్కడ తప్పిపోయిందో అక్కడే ఉండండి, ఒకరు మాత్రం ఊళ్లోకెళ్లి చెప్పాలి. వెళ్లక తప్పకపోతే మీరు విప్పిన చొక్కా, నీళ్ల గిన్నె ఆ చోటే పెట్టి పొద్దున్నే మళ్లీ రండి, చాలా కుక్కలు అక్కడికే తిరిగొస్తాయి. మెడపట్టీ మీద పెద్ద అక్షరాలతో ఫోన్ నంబరు రాయండి. చర్మం కింద చిప్పు ఉన్నా కొండ మీద దాన్ని చదివే యంత్రం ఎవరి దగ్గరుంటుంది? సిమ్ముతో నడిచే ట్రాకరుకీ సిగ్నలు కావాలి.

దొడ్డికి ఎక్కడ?

చాలా ఊళ్లకి కొండ ఊటనీరే తాగునీరు, పైనుంచి పైపుల్లో వస్తుంది. ఊటకీ గెడ్డకీ దూరంగా జానెడు లోతు గొయ్యి తవ్వి పూడ్చండి. పొలంలో అయితే సంచిలో వేసుకుని తెచ్చేయండి.

మాది పగ్. హస్కీ అయితే? ఆర్నెల్ల పిల్లయితే?

పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కులవాటికి ఊపిరే కష్టం, కొండ ఎక్కించకండి, ఎత్తుకుని తిప్పుతానంటే మీ ఇష్టం. హస్కీకి లంబసింగి రాత్రి బాగుంటుంది, అక్కడిదాకా మధ్యాహ్నపు ప్రయాణమే సమస్య, తెల్లవారుజామునే బయల్దేరండి. పిల్లలకి టీకాలన్నీ పూర్తయి రెండు వారాలు గడిచాకే. పన్నెండేళ్ల ముసలి కుక్కని ఒకాయన తెచ్చాడు, మా పక్క టెంటు. రోజంతా దాన్ని ఎండలో గోనెసంచి మీద పడుకోబెట్టి తను పక్కన కూర్చుని పేపరు చదివాడు, ఎక్కడికీ వెళ్లలేదు. వంజంగి మబ్బులు చూడలేదేంటండీ అని అడిగితే, "దీనికి మెట్లు ఎక్కడం రాదండీ" అన్నాడు.